ఆకాశానికీ పూచీకత్తు భూమేనా?

విమానయాన శిక్షణ ఇప్పుడు రాయలసీమ గడప దాకా వచ్చింది. దేశంలోని ఐదు విమానాశ్రయాల్లో పైలట్ శిక్షణ సంస్థల ఏర్పాటుకు 2022లో భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కేటాయింపులు చేసింది. వాటిలో కడప ఒకటి. విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లులోనే రాష్ట్ర ప్రభుత్వం 300 ఎకరాల్లో డ్రోన్ల కేంద్రాన్ని తలపెట్టింది. ఇవన్నీ ఆహ్వానించదగినవే. అయితే ఆ శిక్షణ తరగతిలో కూర్చునేది ఎవరి పిల్లలన్న ప్రశ్నను ఇప్పుడే అడగాలి. సీట్లు నిండిన తరువాత అడిగి ప్రయోజనం లేదు.

ఇలాంటి ప్రశ్నను సకాలంలో అడగకపోతే ఏమవుతుందో ఇదే కడప జిల్లాలోని తుమ్మలపల్లె చెబుతుంది. వేముల మండలంలోని ఈ ఊరి యురేనియం ప్రాజెక్టుకు 2007లో శంకుస్థాపన జరిగింది. భూమి ఇచ్చినవారికి పరిహారం, ఉద్యోగం అన్నది అక్కడి సూత్రం. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ సెంటు భూమి లేక, పరుల పొలాల్లో కూలి చేసుకు బతికే దళిత కుటుంబం ఏ కాగితం చూపాలి? పొలంతోపాటు కూలీ పోతుంది. పట్టా లేదు కనుక నష్టపోయినవారి జాబితాలో పేరుండదు. ఉపాధి కోల్పోయే కూలీలను కూడా బాధిత కుటుంబాలుగా భూసేకరణ చట్టం గుర్తించడానికి 2013 దాకా ఆగవలసి వచ్చింది. ఇలాంటి నిబంధనల్లో కులం పేరు ఎక్కడా ఉండదు. ఉండేది భూమి మాటే. తరతరాలుగా భూమి ఎవరి చేతిలో ఉందో తెలిసినవారికి కులం వేరే చెప్పనక్కరలేదు.

పైలట్ శిక్షణలోనూ జరిగేది ఇదే. వాణిజ్య పైలట్ లైసెన్సు కావాలంటే 200 గంటలు విమానం నడిపి ఉండాలి. దానికయ్యే ఖర్చు 40 లక్షల రూపాయలు దాటుతుంది. ఉద్యోగంలో చేరాలంటే ఫలానా రకం విమానం నడపడానికి తీసుకునే ప్రత్యేక శిక్షణ ఖర్చు దీనికి అదనం. బ్యాంకును ఆశ్రయిస్తే, విద్యారుణం ఏడున్నర లక్షలు మించితే సాధారణంగా ఆస్తి తనఖా అడుగుతారు. అంటే ఆకాశంలోకి వెళ్లడానికీ నేల మీద పట్టా ఉండాలి. ఎస్సీ విద్యార్థుల కోసం కేంద్రం నడుపుతున్న ‘టాప్ క్లాస్’ పథకంలో ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బుల ఫీజుకు పెట్టిన పరిమితి ఏడాదికి 3.72 లక్షలు. మిగతా సొమ్ము వ్యవసాయ కూలీ ఎక్కడి నుంచి తేవాలి?

రిజర్వేషన్ మాట ఎత్తగానే ప్రయాణికుల భద్రత ఏమవుతుందని ఆందోళన పడేవారున్నారు. రిజర్వేషన్ ఇచ్చేది శిక్షణలో ప్రవేశమే కానీ లైసెన్సు కాదు. డీజీసీఏ పరీక్ష, వైద్య పరీక్ష, ఎగరవలసిన గంటలు అందరికీ ఒక్కటే. అమేఠీ జిల్లాలోని ప్రభుత్వ ఉడాన్ అకాడమీలో రిజర్వుడు సీట్లున్నాయి. అక్కడ చదివినవారికీ ఈ కొలబద్దలే. ఒడిశాలోని మల్కనగిరి నుంచి వచ్చిన ఆదివాసీ యువతి అనుప్రియా లక్రా 2019లో కో-పైలట్ అయ్యారు. కొరవడింది ప్రతిభ కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? సామాన్లు మోసే, నేల తుడిచే కాంట్రాక్టు పనులు ఒక వర్గానికీ, కాక్‌పిట్ మరో వర్గానికీ అన్న పాత పంపకం కొత్త విమానాశ్రయాల్లోనూ సాగితే దాన్ని అభివృద్ధి అనలేం.

శిక్షణ సంస్థలు ఎవరి దయా లేకుండా ఎదుగుతున్నవి కావు. 2020 నాటి సరళీకృత విధానం వాటికి విమానాశ్రయ రాయల్టీని రద్దు చేసింది, భూమి అద్దెలను తగ్గించింది. ప్రజల సొత్తు మీద రాయితీ ఇచ్చేటప్పుడు సామాజిక షరతు పెట్టడం ప్రభుత్వానికి హక్కే కాదు, బాధ్యత కూడా. ప్రైవేటు విద్యాసంస్థల్లో సైతం రిజర్వేషన్లు కల్పించడానికి రాజ్యాంగంలోని 15(5) అధికరణ వీలిస్తోంది. కాబట్టి కడపలో ఎస్సీ, ఎస్టీ, బీసీలకు రాష్ట్ర నిష్పత్తి ప్రకారం, ఎస్సీ వర్గీకరణను పాటిస్తూ సీట్లు కేటాయించాలి. ఆ సీట్ల పూర్తి ఫీజును ప్రభుత్వమే భరించాలి. టాప్ క్లాస్ పరిమితిని వాస్తవ ఖర్చుకు పెంచాలి. పులివెందుల జేఎన్టీయూ కళాశాల, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలలో ప్రవేశానికి ముందస్తు శిక్షణ కేంద్రాలు తెరిచి, గురుకులాల విద్యార్థులను వాటికి అనుసంధానించాలి. ఏ వర్గం నుంచి ఎందరు చేరారో, ఎందరు లైసెన్సు పొందారో ఏటా ప్రకటించాలి.

తుమ్మలపల్లెలో పట్టా లేనివారు లెక్కలోకి రాలేదు. కడప రన్‌వే మీద ఆ లెక్కను సరిచేసే అవకాశం ప్రభుత్వం చేతిలో ఇంకా ఉంది.