కొలువులోని పగడపు చెట్టు

మొన్న వేసవి సెలవులలో ఇంటిల్లిపాదీ రామేశ్వరం వెళ్ళివచ్చాము. మూడు తరాలుగా మదరాసులో ఉంటూ పిల్లలకు మెరీనా తప్ప మరో సముద్రం చూపలేదని మా అమ్మగారి దెప్పుడు.

ఎగ్మూరులో సాయంకాలం రైలెక్కితే తెల్లవారుజామున పాంబన్ చేరాము. 1914 నాటి పాత వంతెన పక్కనే 2025 ఏప్రిల్‌లో తెరచిన కొత్త వంతెన. రైలు దానిమీద మెల్లగా సాగుతుంటే అమ్మగారు చేతులు జోడించారు. పిల్లలు కిటికీ వదలలేదు.

స్నానాలు, దర్శనం ముగించుకొని, వెంట తెచ్చుకొన్న పులిహోర డబ్బాలతో వ్యానులో ధనుష్కోటికి బయలుదేరాము. 1964 డిసెంబరు తుఫానులో రైలుతో సహా కొట్టుకుపోయిన ఊరు అది. మొండిగా మిగిలిన చర్చి గోడ తాకి చూస్తే, రాతినిండా తేనెపట్టులాంటి గళ్ళు! అవి పగడపు రాళ్ళే.

పగడమంటే మనకు ఉంగరంలోని ఎర్రపూసే గదా! మన జార్జిటౌనులోని కోరల్ మర్చంట్ వీధికి ఆ పేరు తెచ్చిన వర్తకులు మధ్యధరా సముద్రపు పగడాలు ఇక్కడ అమ్మి, గోలకొండ వజ్రాలు కొనుక్కుపోయేవారు. రామేశ్వరపు పగడం వేరు. అతి చిన్న ప్రాణులు సున్నంతో కట్టుకొన్న ఇళ్ళివి. ఇక్కడినుంచి తూత్తుకుడి దాకా 21 దీవులకు అలల తాకిడి తగ్గించే గట్లు ఇవే. సున్నానికీ, కట్టడాలకూ వీటిని తవ్వుకుపోగా రెండు దీవులు నీట మునిగాయి. 1986లో ఆ దీవుల ప్రాంతాన్ని జాతీయ ఉద్యానం చేశారు. 2001 నుంచి చట్టంలో ఈ పగడాలకు పులితో సమానమైన రక్షణ ఉంది.

ఇదంతా పెద్దవాడికి చెబుతూండగానే, చిన్నమ్మాయి ఒడ్డున దొరికిన తెల్లని ముక్కనొకదాన్ని టిఫిన్ క్యారియరులో దాచింది. అమ్మగారు చూడనే చూశారు.

"సేతువు కట్టిన చోట రాయి వేసి రావాలి గాని, తీసుకుపోకూడదే తల్లీ!"

పిల్ల మారుమాట లేకుండా వెళ్ళి నీళ్ళలో వదలి వచ్చింది.

తిరుగు రైలులో పక్క పరుస్తుండగా అడిగింది: "నాన్నా, మరి మన బొమ్మల కొలువులో తెల్ల చెట్టో?"

అమ్మగారి పెళ్ళయిన కొత్తలో మా నాన్నగారు రామేశ్వరంలో కొని తెచ్చిన పగడపు కొమ్మ అది. ఏటా పై మెట్టున, కలశం పక్కన పెడతాము. నాన్నగారు పోయాక అమ్మగారు దాన్ని తామే తుడుస్తారు, మరొకరిని తాకనివ్వరు. ఆ రాత్రి అమ్మగారు కిటికీవైపు తిరిగి పడుకొన్నారు. మేమూ జవాబు చెప్పలేకపోయాము.

దసరా వస్తోంది. చెట్టు పెట్టె ఇంకా దించలేదు. మీ ఇళ్ళలోనూ ఇటువంటిదేదైనా ఉంటే, ఏమి చేశారో వ్రాయండి.