కోలుకున్నవారి కన్నీళ్ళు కాదు, వారి అనుభవం కావాలి

వ్యసనవిముక్తి రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు నిధుల కోసం రాసుకున్న దరఖాస్తులను పదవీ విరమణ తరువాత కొందరు మిత్రులు నాకు చూపుతూ ఉంటారు. వాటిలో అధికభాగం ఒకే మూసలో పోసినట్లుంటాయి. ముందు గణాంకాలు, ఆపై ఆశయాలు, చివరి పుటలో కోలుకున్న ఒక వ్యక్తి ఛాయాచిత్రం, అతని కన్నీటి గాథ. దాతల మనసు కరిగించడానికి అతని బాధ పనికివచ్చింది. అతనికి తెలిసిన విషయం మాత్రం ప్రణాళికలో గాని, ఖర్చుల పట్టికలో గాని కానరాదు. నా అభ్యంతరం అదే.

అతనికి తెలిసినదేమిటి? మద్యం హఠాత్తుగా మానిన తొలి దినాలలో వచ్చే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ వంటివి వైద్యులం చూసుకోగలం. కాని ఇంటికి వెళ్ళాక వచ్చే మొదటి జీతం రోజు సాయంత్రం ఎలా గడుస్తుందో, ఏ దారిన వెళితే దుకాణం ఎదురుకాదో, పెళ్ళిలో "ఒక్క గుక్కకు ఏమవుతుంది బావా" అనే బావమరిదికి ఏమని బదులు చెప్పాలో మా వైద్యగ్రంథాలలో లేదు. ఆ జ్ఞానాన్ని ఖర్చుల పద్దులుగా మార్చాలి. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు వరకు ఫోను ఎత్తడానికి ఒక మనిషి జీతం, డిశ్చార్జి తరువాత ఆరు నెలలపాటు ఇంటికి వెళ్ళి పలకరించి రావడానికి బస్సు ఛార్జీలు, కేంద్రానికి వచ్చిన నాడు భార్యో తల్లో పోగొట్టుకునే కూలికి కొంత పరిహారం. ప్రతి పద్దు పక్కన అది ఎందుకు అవసరమో అనుభవించినవారి మాటగా ఒక్క వాక్యం ఉంటే చాలు. పరిశీలించే అధికారికి పది పుటల ఆశయాలకంటె అది ఎక్కువ చెబుతుంది.

స్వానుభవమంటే తాగినవారిదే కానక్కరలేదు. చెన్నైలో శాంతి రంగనాథన్ భర్తను మద్యవ్యసనం వల్ల కోల్పోయారు. 1980లో ఆయన పేరిట టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ను స్థాపించి, రోగితోపాటు అతని కుటుంబానికీ చికిత్సలో చోటు కల్పించారు. 1992లో ఆమెకు పద్మశ్రీ లభించింది. ఆమెది సంపన్న కుటుంబం, నిజమే. అందరికీ ఆ వెసులుబాటు ఉండదు.

నిధులే లేవనడం సరికాదు. మత్తుపదార్థాల డిమాండును తగ్గించే జాతీయ కార్యాచరణ ప్రణాళిక కింద కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వశాఖ పునరావాస కేంద్రాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇస్తుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. అవసరమూ స్పష్టమే. 2019లో ఎయిమ్స్ నివేదించిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒకరికే ఏదో ఒక చికిత్స అందింది.

అయినా కోలుకున్నవారు నడిపే చిన్న సంస్థలు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి. దర్పణ్ పోర్టల్‌లో నమోదు, 12ఎ, 80జి ధ్రువపత్రాలు, ఆడిట్ అయిన లెక్కలు, కంపెనీల నిధులకైతే సీఎస్ఆర్-1 పత్రం, ఇవన్నీ విసుగు పుట్టించే పనులే. కాని స్వానుభవం లెక్కల పుస్తకానికి బదులు కాదు, వైద్యుడికీ బదులు కాదు. "నేనూ తాగి మానినవాణ్ణే, నాకు తెలుసు" అంటూ రోగులను గదుల్లో బంధించి కొట్టే కేంద్రాలూ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నమోదు కాని కేంద్రానికి ఒక్క రూపాయి కూడా ఇవ్వరాదని నా అభిప్రాయం.

ఆ చట్టమే, చికిత్స పొందుతున్న వ్యక్తి ఛాయాచిత్రాన్ని అతని సమ్మతి లేకుండా మాధ్యమాలకు ఇవ్వరాదంటుంది. సమ్మతి ఉన్నా నేను వద్దంటాను. ఆపదలో పడక ఇచ్చినవారు అడిగితే కాదనే ధైర్యం ఎందరికుంటుంది? పైగా ఇది తిరగబెట్టే స్వభావం గల జబ్బు. కరపత్రంపై నవ్వుతున్న మనిషి మళ్ళీ తాగితే, సిగ్గుతో ఆ గడప తొక్కడు. అతనికి కేంద్రం అత్యవసరమైనది అప్పుడే.

1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ తొలినాళ్ళలో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్‌ను 50,000 డాలర్లు అడిగింది. ఎక్కువ ధనం ఉద్యమాన్ని చెడగొడుతుందని భావించి ఆయన 1938లో 5,000 మాత్రమే ఇచ్చారు. నేటికీ ఆ సంఘం బయటి విరాళాలు స్వీకరించదు. పరస్పరం ఆదుకునే సమావేశాలకు ఆ మార్గం సరిపోతుంది. నర్సు, మందులు, పదిహేను పడకలు ఉన్న కేంద్రం సభ్యుల చందాలతో నడవదు.

దాతలు దరఖాస్తు తెరవగానే ముందుగా జీతాల పట్టిక చూడాలి. కౌన్సెలర్‌కు నెలజీతం రాసి, కోలుకుని రాత్రింబవళ్ళు పనిచేసే మనిషికి భోజనం, వసతి అని మాత్రమే రాసి ఉంటే కారణం అడగాలి. సూదులతో మత్తుమందులు ఎక్కించుకునేవారి మధ్య పనిచేయడానికి ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వారిలోనివారినే పీర్ ఎడ్యుకేటర్లుగా నియమించి గౌరవ వేతనం చెల్లిస్తోంది. మద్యవ్యసన కేంద్రాల దరఖాస్తుల్లోనూ ఆ పద్దు ఒకటి, చెల్లించదగిన మొత్తంతో, ఉండాలి.