చంద్రకాంతకు లేబుల్ ఎవరు రాయాలి?

జమ్మలమడుగులో అవ్వ వాళ్ళ పెరట్లో ఒకే చెట్టుకు పసుపు పూలూ, గులాబీ పూలూ. పేరు తెలీక గూగుల్ లెన్స్ పెట్టా. 'మిరాబిలిస్ జలాపా' అంది. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరట. అవ్వ నవ్వింది. "చంద్రకాంత గదరా! పొద్దు వాలితే పూస్తాది, తెల్లారితే ముడుచుకుంటాది."

తప్పు యాప్‌ది కాదు. ఫొటోలో వాసన ఉండదు, పూసే వేళ ఉండదు (మెటాడేటాలో టైమ్ ఉంటుంది అనకండి!). మనం ప్రాజెక్టులకు దించుకునే డేటాసెట్లలో లేబుళ్ళన్నీ ఇంగ్లీషే. అవ్వల పక్కన కూర్చుని తెలుగు పేర్లు రాసుకోవడం కూడా ప్రాజెక్టే అంటాను. ప్రొద్దుటూరు, పులివెందుల ఫ్రెండ్స్, సెలవుల్లో మీ పెరళ్ళు మీవి.

నేను పదకొండు రాశా. పన్నెండో పువ్వు పేరు అవ్వకే గుర్తు రావట్లేదు.