ఫిర్యాదు కూడా అమానతే

గత మాసం ఒక సాయంత్రం, అసర్ నమాజు తరువాత, ఒక తల్లి మా ఇంటికి వచ్చారు. మా ఇల్లాలి ప్రక్కన కూర్చుని విషయం చెప్పారు. ఆమె కుమార్తె ఒక కార్యాలయంలో ఉద్యోగిని. పై అధికారి చూపులు, మాటలు, సందేశాలు సహించరానివిగా ఉన్నవి. ఫిర్యాదు చేసి తీరాలని కుమార్తె పట్టుదల, తల్లికి భయం. "మౌలానాగారూ, న్యాయం దొరుకుతుందో లేదో గాని, పిల్ల పేరు మాత్రం బజారున పడుతుంది. రేపు సంబంధానికి వచ్చేవారికి మేము ఏమని చెప్పుకోవాలి?" అన్నారు. (వారిరువురి అనుమతితోనే, ఊరూ ఉద్యోగమూ మరుగుపరచి ఇది వ్రాస్తున్నాము.)

ఆ భయం నిరాధారమని మేము అనలేదు. అయితే ప్రభుత్వ చట్టాలు మా విద్య కాదు. కనుక నాలుగు రోజులు గడువు అడిగి, న్యాయవాది అయిన ఒక మిత్రుని సహాయంతో, పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపులను నిషేధించే 2013 నాటి చట్టాన్ని చదివాము.

10 మంది లేక అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి హోదాగల మహిళ అధ్యక్షత వహించాలి. సభ్యులలో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటివారు ఉండాలి. అంతకంటే చిన్న చోట్లవారికి, లేదా యజమానిపైనే ఫిర్యాదు ఉన్నవారికి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. సంఘటన జరిగిన 3 నెలలలోగా ఫిర్యాదు ఇవ్వాలి.

తల్లి ప్రశ్నకు జవాబు 16వ సెక్షనులో ఉన్నది. ఫిర్యాదులోని విషయం, బాధితురాలి పేరు, చిరునామా, ప్రతివాది వివరాలు, సాక్షుల వివరాలు, రాజీ ప్రయత్నాలు, విచారణ, సిఫారసులు, చివరకు తీసుకున్న చర్య, వీటిలో ఏదీ ప్రజలకు గాని, పత్రికలకు గాని ఏ విధంగానూ తెలియజేయరాదు. సమాచార హక్కు చట్టం పేరు చెప్పి అడిగినా ఇదే నియమం. న్యాయం జరిగిన సంగతి చాటవచ్చు. బాధితురాలిని, సాక్షులను గుర్తుపట్టగల వివరమేదీ అందులో ఉండకూడదు. కమిటీ పైకి పంపే వార్షిక నివేదికలోనూ ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి అనే సంఖ్యలు అడుగుతారు.

"వాడి పేరు కూడా దాచాలా?" అని ఆ తల్లి కోపగించుకున్నారు. విచారణకు ముందే ఒకరిని దోషిగా చాటడం మాకు సమ్మతం కాదని చెప్పాము. ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పవలసి వచ్చింది. ఫిర్యాదు ప్రతిని కమిటీ 7 పనిదినాలలో ప్రతివాదికి పంపుతుంది. అతడు జవాబు చెప్పుకోవాలి గదా! గోప్యత లోకం నుండే గాని, అతని నుండి కాదు. ఈ మాట ముందుగా తెలియక, తరువాత మోసపోయామని వాపోయేవారు ఉంటారు.

మరి కమిటీవారే నోరు జారితే? ఫిర్యాదు బాధ్యత చేపట్టినవారు రహస్యం వెల్లడిస్తే ఉద్యోగ నియమాల ప్రకారం శిక్ష. అట్టి నియమాలు లేనిచోట 5,000 రూపాయల జరిమానా. ఒక ఆడపిల్ల మర్యాదకు ఇది చాలా తక్కువ వెల అని మా అభిప్రాయం. అందుచేత కమిటీకి వెళ్లిన మొదటి రోజే "నా కాగితాలు ఎవరి వద్ద ఉంటాయి, ఎవరెవరు చూస్తారు?" అని అడగమని అమ్మాయికి చెప్పాము. అడగడం అమర్యాద కాదు.

అంతా విని ఆ తల్లి కొంతసేపు మౌనంగా ఉన్నారు. తరువాత నెమ్మదిగా, ఈ సంగతి తన అక్కగారితోనూ, మేనత్త కోడలితోనూ ఇదివరకే చెప్పానని ఒప్పుకున్నారు. 16వ సెక్షనుకు భయపడి వారు నోరు కట్టుకుంటారని మేము ఎట్లా చెప్పగలం? జరిమానా కమిటీవారికే గాని బంధువులకు కాదు.

ఆమె ఆ రాత్రే వారిద్దరి ఇళ్లకూ వెళ్లారట. మరునాడు అమ్మాయి ఫిర్యాదు 6 ప్రతులు తీయించుకుని కార్యాలయానికి బయలుదేరింది.