పన్నెండు గ్రంథులు లెక్కపెట్టని చోట పన్నెండు జీన్లా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఏ ఊరి గోడ చూసినా కోత లేకుండా మొలలు నయం చేస్తామనే రాతలే. విరేచనంలో నెత్తురు పడితే మనవాళ్లు ముందు పోయేది అక్కడికే. పొడి మింగి, లేపనం పూసుకుని ఆరేడు నెలలు గడిపేస్తారు. ఈలోపు పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉంటే అది గోడ తొలుచుకుని లింఫ్ గ్రంథులకు పాకుతుంది. మొదటిరోజే ఎవరైనా గ్లవ్ తొడుక్కుని వేలు పెట్టి చూసుంటే ఆసనం దగ్గరి గడ్డలు చాలావరకు చేతికి తగిలేవి. చూడ్డానికి డాక్టరుకు తీరిక లేదు, చూపించుకోవడానికి రోగికి సిగ్గు.

ఇంత ఆలస్యంగా నగరానికి చేరిన రోగికి అక్కడ చూపించే కొత్త ఆశ పేరు జీన్ ఎక్స్‌ప్రెషన్ టెస్టు. గడ్డలో ఏ జీను ఎంత జోరుగా పనిచేస్తోందో ఆర్‌ఎన్‌ఏ కొలిచి, జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంతో చెబుతారట. వీటిలో పేరున్న అమెరికా పరీక్ష చూసేది 12 జీన్లను. జబ్బు కబురు చెప్పేవి అందులో ఏడే, మిగతా ఐదూ కొలత సరిచూసుకోవడానికి. బ్రిటన్ క్వాసర్ ట్రయల్‌లోని 1,436 మంది రెండో దశ రోగుల మీద దాన్ని సరిచూసి 2011లో ఫలితం ప్రకటించారు. ముప్పు తక్కువన్న వాళ్లలో మూడేళ్లలో వందకు 12 మందికి జబ్బు తిరగబెట్టింది, ఎక్కువన్న వాళ్లలో 22 మందికి. అంటే బెదరగొట్టిన వందమందిలో 78 మందికి ఆ మూడేళ్లలో జబ్బు తిరగబెట్టలేదు! పోనీ కీమో ఎవరికి పనిచేస్తుందో చెప్పిందా? అదీ లేదు. గడ్డ ఎంత లోతుకు దిగింది, డీఎన్‌ఏ తప్పులు దిద్దే ఎంఎంఆర్ ప్రోటీన్లు ఉన్నాయా పోయాయా అన్న పాత సంగతులే ఆ పరీక్ష ఇచ్చే స్కోరుకన్నా గట్టిగా పనికొచ్చాయని అదే అధ్యయనం చెప్పింది. బ్రహ్మంగారి మఠం మన కడప జిల్లాలోనే ఉంది. ఏమీ చేయలేని కాలజ్ఞానమే కావాలంటే దానికి వేల డాలర్లెందుకు?

పరిశోధకుల ధోరణి మరీ విడ్డూరం. అమెరికావాళ్ల క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ 2012లో 276 పెద్దపేగు, పురీషనాళ కణితుల సమాచారం బయటపెట్టింది. ఇక డేటా దించుకో, ఒక జీను పట్టుకో, రోగుల్ని ఎక్కువ, తక్కువ అని నడిమికి చీల్చు, బతికిన కాలానికి రెండు గీతలు గీయి. గీతలు విడిపోతే జబ్బు గతి చెప్పే కొత్త ప్రోగ్నాస్టిక్ మార్కర్ దొరికినట్టే, ఒక పేపరు అచ్చయినట్టే. ఇరవై వేల జీన్లలో వెతికితే ఏదో ఒకటి కలిసిరాకపోదు లెండి. ఆ కణితులు ఎవరివి? అమెరికాలో ఈ జబ్బు ఎక్కువగా అరవై దాటినవాళ్లది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 800 మందిని పరిశీలిస్తే మనవాళ్ల సగటు వయసు 47. వాళ్ల గీతలు మనకెలా సరిపోతాయి?

అసలు చూడాల్సింది కోసి తీసిన పేగుముక్క. అందులో కనీసం 12 లింఫ్ గ్రంథులు వెతికి చూస్తే తప్ప జబ్బు గ్రంథులకు పాకలేదన్న మాట నమ్మడానికి లేదు. చిన్న ఊళ్ల రిపోర్టుల్లో నేను చూసినవి మూడో నాలుగో, కొన్నింట్లో ఆ అంకే లేదు. గడ్డను సమయానికి ఫార్మలిన్‌లో వేయకపోతే ఆర్‌ఎన్‌ఏ కూడా చెడుతుంది, ఆ సంగతి బ్రోషర్లో కనబడదు. ఎంఎంఆర్ స్టెయిన్లు నాలుగే: ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6. గడ్డను దాచిన మైనపు బ్లాకు నుంచి కోసిన పలచటి ముక్కలు చాలు. వాటిలో లోపం కనిపిస్తే రెండో దశ రోగికి 5-ఎఫ్‌యూ అనే కీమో మందు ఒక్కటే ఎక్కించి లాభం లేదు. ఆ జబ్బు వంశంలో ఉందేమో తోబుట్టువులకూ పిల్లలకూ చూడాలి.

ఈ లెక్కలు ఎవరు అడగాలి? జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా 2007లో ఆరోగ్యశ్రీ పథకం తెచ్చారు. పేదవాడికి కోత ఖర్చు తప్పింది, కోసిన ముక్కను ఎవరు ఎలా చదివారని అడిగేవాడు మాత్రం లేడు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, ఏ పేరైతేనేం! పేగు క్యాన్సర్ ఆపరేషన్ బిల్లు చెల్లించే ముందు ఎన్ని గ్రంథులు చూశారో, ఎంఎంఆర్ ఏమని వచ్చిందో ప్రభుత్వం అడగాలి. జవాబు లేకపోతే బిల్లు ఆపాలి. జిల్లాలోని మైనపు బ్లాకులన్నీ కడప రిమ్స్‌లో భద్రపరిచి, ఆ రోగులను ఐదేళ్లు వెంటబడి కనుక్కుంటే ఏ జీను మనవాళ్ల విషయంలో నిజం చెబుతుందో ఇక్కడే తేలుతుంది. అందాకా, బంగారం తాకట్టు పెట్టైనా స్కోరు తెప్పించుకోమని ప్రొద్దుటూరు ఇల్లాలికి ఎవరైనా సలహా చెబితే, ముందు పాథాలజీ రిపోర్టు తీసి గ్రంథుల లెక్క ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి.