కనెషిరో అనే ఇంటిపేరు – అది చెప్పేదెంత?

మీ తరగతి హాజరుపట్టీ ఒకసారి తెరిచి చూడండి. చాలా పేర్లకు ముందు ఒక ఇంటిపేరు కనిపిస్తుంది. ఆ ఇంటిపేరు వినగానే "ఓహో, వాళ్లా!" అని పెద్దవాళ్లు ఊరూ, కులమూ, గుణమూ కూడా తేల్చి చెప్పెయ్యడం మీరు వినే ఉంటారు. ఇంటిపేరు నిజంగా అన్ని సంగతులు చెబుతుందా? చాలానే చెబుతుంది. కాని మనుషులు దాన్ని అడిగే ప్రశ్నలకు మాత్రం సాధారణంగా దాని దగ్గర జవాబు ఉండదని నా అభిప్రాయం. మన ఇంటిపేర్లతో ఈ సంగతి నిరూపించబోతే ఎవరి అభిమానాలు వాళ్లకు అడ్డం వస్తాయి. అందుకని మనకెవరికీ చుట్టరికం లేని ఒక జపాను ఇంటిపేరు తీసుకుందాం. జపానువాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత రాస్తారు.

ఆ పేరు కనెషిరో. ఈ పేరున్న ముగ్గురు ప్రసిద్ధుల్ని చూడండి. కెన్నెత్ కనెషిరో హవాయి విశ్వవిద్యాలయంలో ఈగల మీద పరిశోధన చేసిన జీవశాస్త్రజ్ఞుడు. తకేషి కనెషిరో 1973లో తైవాన్‌లోని తైపేలో పుట్టిన సినిమా నటుడు. కజుకి కనెషిరో జపానులో నవలా రచయిత, 2000లో నవోకి బహుమతి పొందాడు. హవాయి నుంచి తైవాన్‌కు ఎనిమిది వేల కిలోమీటర్లు. అంత దూరంలో ఒకే ఇంటిపేరు ఎలా వచ్చింది? వీళ్లు దాయాదులా?

ముందు పేరు పుట్టిన చోటికి వెళ్దాం. జపాను ప్రధాన దీవులకూ తైవాన్‌కూ మధ్య సముద్రంలో వరసగా చిన్న చిన్న దీవులున్నాయి. వాటిలో పెద్దది ఒకినావా. అక్కడ పూర్వం ర్యుక్యు అనే స్వతంత్ర రాజ్యం ఉండేది. రాళ్లతో కట్టిన కోటను ఆ దీవుల భాషలో 'గుసుకు' అంటారు. 'కన' అంటే లోహం, బంగారం. ఈ రెండూ కలిసిన పేరుతో రాజధాని షురిలో ఒక పేట ఉంది. రాళ్లు పరిచిన దాని పాత బాట నేటికీ చూడవచ్చు. రాజోద్యోగులు తమకు దఖలుపడిన ఊరి పేరునే ఇంటిపేరుగా పెట్టుకునేవారు. సామాన్య రైతులకు అసలు ఇంటిపేర్లే లేవు.

1879లో జపాను ర్యుక్యు రాజ్యాన్ని రద్దు చేసి, ఒకినావాను తన జిల్లాలలో ఒకటిగా కలుపుకుంది. అంతకు నాలుగేళ్ల ముందు, 1875లోనే, జపానులో ప్రతి పౌరుడికీ ఇంటిపేరు ఉండి తీరాలని చట్టం వచ్చింది. దానితో ఒకినావా రైతులు కూడా ఇంటిపేర్లతో రిజిస్టర్లకెక్కారు. చాలామంది తమ ఊరి పేరే పెట్టుకున్నారు. ఇక్కడ మొదటి సంగతి గమనించండి: ఒకే ఊరిలో ఉన్నవాళ్లు ఒకే ఇంటిపేరు పెట్టుకున్నారంటే వాళ్లందరూ ఒక తాత మనవలని అర్థం కాదు.

(తమాషా ఏమిటంటే, సరిగ్గా ఆ 1875లోనే ఇంగ్లండులో జార్జి డార్విన్ – పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ కొడుకు – ఇంటిపేర్లను శాస్త్ర పరిశోధనకు వాడాడు. ఒకే ఇంటిపేరున్న వధూవరుల వివాహాలు ఎన్ని జరిగాయో లెక్కించి, దానినుంచి దేశంలో మేనరికాలవంటి దగ్గర సంబంధాలు ఎన్నో అంచనా వేశాడు. ఇంటిపేరు శాస్త్రజ్ఞుడికి పనికొచ్చే సాధనమేనని మరువకండి.)

ఇక పేరు ఓడ ఎక్కిన కథ. 1900 జనవరిలో 26 మంది ఒకినావా యువకులు హవాయిలోని హోనొలులు రేవులో దిగారు. చెరకు తోటల్లో కూలీకి వచ్చిన ఈ జట్టును కూడగట్టినవాడు టోయామా క్యూజో అనే మాజీ బడిపంతులు. 1906 నుంచి పెరూకు దారి తెరుచుకుంది. 1908లో కసాటో మారు అనే ఓడ 781 మంది జపాను కూలీలను బ్రెజిల్ కాఫీ తోటలకు చేర్చింది. వాళ్లలో 325 మంది ఒకినావావాళ్లే! దేశంలో అంత చిన్న జిల్లా నుంచి ఓడలో దాదాపు సగం మంది. ఎందుకని? భూములు చిన్నవి, తుఫానులు ఎక్కువ, పన్నులు బరువు. 1920 తరువాత పంచదార ధర పడిపోయినప్పుడు పరిస్థితి మరీ ఘోరమైంది. మన తోటల్లో అందానికి పెంచే సైకస్ మొక్క మీరెరుగుదురు కదా! దాని గింజల్లో విషం ఉంటుంది. బాగా నానబెట్టి, కడిగి, పులియబెడితే గాని ఆ విషం పోదు. ఆకలికి తాళలేక ఆ గింజలూ కాండమూ తిని, సరిగా శుద్ధి చెయ్యని చోట జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒకినావావాళ్లు ఆ కాలాన్ని నేటికీ 'సైకస్ నరకం' అనే అంటారు.

1924లో అమెరికా తన చట్టంతో జపాను వలసలను పూర్తిగా ఆపేసింది. హవాయి తలుపు మూతపడింది. అప్పుడు ఓడలు దక్షిణ అమెరికాకూ, ఫిలిప్పీన్స్‌లోని దవావో నార తోటలకూ ఎక్కువగా మళ్లాయి. 1945లో యుద్ధం ముగిశాక దవావోలోని జపానువాళ్లను వెనక్కి పంపేశారు. అక్కడ ఆ ఇంటిపేర్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1954లో, అమెరికా సైనిక స్థావరాలకు పొలాలు పోగొట్టుకున్న ఒకినావా కుటుంబాలు బొలీవియా అడవుల్లో కొత్త ఊరు కట్టుకున్నాయి. కనెషిరో పేరున్న చోటల్లా పటం మీద చుక్క పెడుతూ పోతే, ఆ చుక్కల్లో మనకు కనిపించేది పంచదార ధర, చట్టాలు, యుద్ధం. (మన కోరంగి రేవు నుంచి మారిషసు చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్ల కథా ఇటువంటిదే. అది వేరే వ్యాసం అవుతుంది.)

కొద్దిమంది వెళ్లి కొత్తచోట స్థిరపడినప్పుడు, ఆ కొద్దిమందిలో ఉన్న లక్షణాలే తరువాతి జనాభాలో ఎక్కువగా కనిపిస్తాయి. దీన్ని 1942లో ఎర్నెస్ట్ మేయర్ అనే జీవశాస్త్రజ్ఞుడు 'స్థాపక ప్రభావం' అన్నాడు. ఇందాక చెప్పిన కెన్నెత్ కనెషిరో సరిగ్గా ఇలాంటి ప్రశ్న మీదే పనిచేశాడు. హవాయి దీవుల్లో డ్రోసోఫిలా జాతి ఈగలు వందల రకాలున్నాయి. మగ ఈగ ఆడ ఈగ ముందు ఒక పద్ధతిగా నాట్యం చేస్తుంది. పాత దీవి నుంచి కొద్ది ఈగలు కొత్త దీవికి చేరితే, వాటి సంతతిలో ఆ నాట్యంలోని కొన్ని అడుగులు జారిపోతాయనీ, అందుకే పాత దీవి ఆడ ఈగలు కొత్త దీవి మగ ఈగలను తిరస్కరిస్తాయనీ ఆయన 1976లో సూచించాడు.

మరి ఇంటిపేరు విషయంలోనూ అలాగే జరిగిందా? వలస వెళ్లినవాళ్లు పేరును పాడుచేసుకున్నారా? ఇక్కడే నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఉంది. జరిగింది తలకిందులుగా!

ఈ ఇంటిపేరును రెండు చైనా అక్షరాలతో రాస్తారు. చైనా అక్షరాన్ని ఎవరి భాషలో వాళ్లు చదువుకోవచ్చు. '2' అంకెను మనం 'రెండు' అనీ, హిందీవాళ్లు 'దో' అనీ చదివినట్లు. పాత ఒకినావా పద్ధతిలో ఇది 'కనగుషికు'. జపాను పద్ధతిలో 'కనెషిరో'. చైనా నుంచి వచ్చిన ధ్వనులతో చదివితే 'కింజో'. ఈ రోజు ఒకినావాలో మీరు 'కనెషిరో' కోసం వెతికితే ఎక్కువగా దొరికేవాళ్లు కింజోలు. కింజో అక్కడ అతి ఎక్కువగా వినిపించే ఇంటిపేర్లలో ఒకటి. హవాయిలో మాత్రం కనెషిరో ఎక్కువ. పెరూలో, బ్రెజిల్‌లో, అర్జెంటీనాలో 'కనషిరో' అంటారు. చూశారా, 'కనగుషికు'లోని 'కన' అక్కడ చెక్కుచెదరకుండా ఉంది!

మారింది స్వదేశమే. 1609లో ర్యుక్యును జయించిన సత్సుమా ప్రభువులు, మీరు జపానువాళ్లలా కనిపించే పేర్లు పెట్టుకోరాదని ఆజ్ఞాపించారు. మూడు వందల ఏళ్ల తరువాత కాలం తిరగబడింది. ఒసాకా మిల్లుల్లో పనికి వెళ్లిన ఒకినావావాళ్లను పేరు వినగానే గేలి చేసేవారు, ఇల్లు అద్దెకు ఇచ్చేవారు కాదు. 1930లలో ఒకినావాలోనే పేర్లు జపానువాళ్లకు వింతగా వినిపించకుండా మార్చుకోవాలనే ఉద్యమం సాగింది. అక్షరాలు అలాగే ఉంచి ఉచ్చారణ మార్చుకున్నారు. కనెషిరోలు కింజోలయ్యారు. అప్పటికే సముద్రం దాటిపోయినవాళ్లకు ఈ ఒత్తిడి తగలలేదు. వాళ్లు పాత పేరునే పిల్లలకిచ్చారు.

జానపద పరిశోధకుడు యానగిత కునియో 1930లో నత్తకు జపాను భాషలో ఉన్న పేర్ల మీద ఒక పుస్తకం వెలువరించాడు. రాజధాని క్యోటోలో కొత్త మాట పుడుతుంది, అది నీటిలో అలలా చుట్టూ పాకుతుంది, కాబట్టి పాత మాటలు దేశపు అంచుల్లో మిగులుతాయి అన్నాడు. హవాయి, పెరూ ఎంత దూరపు అంచులో ఆలోచించండి.

ఇప్పుడు మన ముగ్గురి దగ్గరికి వద్దాం. హవాయికి ఈ పేరు వెళ్లింది ఒకినావా ఓడలతో. తైపేలో పుట్టిన నటుడి తండ్రిది ఒకినావా. మరి నవలా రచయిత? ఆయన జపానులో స్థిరపడిన కొరియా కుటుంబంవాడు! కొరియా అప్పట్లో జపాను వలస రాజ్యం. 1940లో అక్కడివాళ్లు జపాను తరహా ఇంటిపేర్లు పెట్టుకోవాలని ప్రభుత్వం ఒత్తిడి తెచ్చింది. కొరియాలో 'కిమ్' ఇంటిపేరువాళ్లు లెక్కలేనంత మంది. ఆ 'కిమ్' అక్షరమూ 'బంగారం' అక్షరమూ ఒకటే. కనీసం ఆ అక్షరమైనా దక్కించుకుందామని, దాని పక్కన మరో అక్షరం చేర్చి కొత్త పేర్లు కట్టుకున్నారు. ఆ పేర్లలో కనెషిరో ఒకటి. గబ్బిలానికీ పక్షికీ రెక్కలున్నాయి గనుక రెండూ ఒక జాతి అంటే మీ సైన్సు మాస్టారు ఊరుకుంటారా? కాని ఇంటిపేర్ల విషయంలో చదువుకున్నవాళ్లు కూడా ఈ పొరపాటు చేస్తారు.

ఆ పొరపాటు ఎంత దూరం పోగలదో 1942లో తెలిసింది. అమెరికాతో జపాను యుద్ధం మొదలైంది. ఆ ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్వెల్టు జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం, పడమటి తీరంలోని సుమారు 1,20,000 మంది జపాను సంతతివాళ్లను ముళ్లకంచెల శిబిరాలకు తరలించారు. వాళ్లలో మూడింట రెండు వంతులు అమెరికాలో పుట్టిన పౌరులే. పెరూ నుంచి కూడా దాదాపు 1,800 మందిని పట్టి ఓడల్లో ఆ దేశానికి తెచ్చారు. నిజంగా బాంబులు పడిన హవాయిలో మాత్రం అతి కొద్దిమందినే నిర్బంధించారు. అక్కడ మూడింట ఒక వంతుకు మించిన జనాభా వాళ్లే. అందరినీ బంధిస్తే తోటలూ రేవులూ ఆగిపోతాయి! పుట్టుకే ప్రమాదమైతే హవాయిలో ప్రమాదం ఇంకా ఎక్కువ ఉండాలి కదా? అక్కడ వాళ్లలో ఎవరి మీదా విద్రోహ నేరం రుజువు కాలేదు. 1988లో అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. పెరూ నుంచి తెచ్చినవాళ్లకు ఆ చట్టం వర్తించలేదు. పదేళ్ల తరువాత వాళ్లకు దక్కింది 5,000.

అందుకే నేననేది ఇది: ఇంటిపేరును రాతిలో దొరికిన శిలాజంలా చదవండి. ఏ కాలంలో, ఏ దారిన, ఎవరి ఒత్తిడి వల్ల ఇక్కడికి వచ్చిందని అడగండి. ఆ ప్రశ్నలకు అది నిజం చెబుతుంది. ఈ మనిషి ఎలాంటివాడు, ఎవరి పక్షం అని అడిగితే దానికేమీ తెలియదు. ఇంటిపేర్లే లేకుండా చెయ్యాలని కొందరంటారు. నేను దానికి ఒప్పుకోను. 1945 యుద్ధంలో ఒకినావా ప్రధాన దీవిలోని కుటుంబ రిజిస్టర్లు దాదాపు అన్నీ కాలిపోయాయి. నేడు పూర్వీకుల ఆచూకీ వెతికేవాళ్లకు విదేశాల్లో మిగిలిన ఓడల జాబితాలూ, ఆ పాత ఉచ్చారణలూ ఎంతో విలువైన ఆధారాలు.

1990లో జపాను కొత్త చట్టం చేసి, వలస వెళ్లినవాళ్ల మనవలు వరకు వచ్చి పనిచేసుకోవచ్చంది. బ్రెజిల్ నుంచే మూడు లక్షలమందికి పైగా వచ్చారు. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత చాలామంది తిరిగి వెళ్లిపోయారు. అలా వచ్చిన ఒక కనషిరో కుర్రవాణ్ణి జపాను బడిలో చేర్చారనుకోండి. అతను విదేశీ పౌరుడు. జపానులో విదేశీ మాటలు రాయడానికి కటకన అనే ప్రత్యేక లిపి ఉంది. హాజరుపట్టీలో అతని పేరు ఆ లిపిలో కనిపిస్తుంది. పక్క బల్లమీద ఒకినావా నుంచి వచ్చిన కింజో ఉండవచ్చు. అతని పేరు పాత రెండు అక్షరాల్లోనే ఉంటుంది. ఇద్దరి ముత్తాతలూ ఒకే ఊరివాళ్లేమో కూడా! ఒకినావాలో ఇలాంటప్పుడు ఇంటిపేరు అడిగి ఊరుకోరు. ఒక్కో ఇంటిపేరుతో వేలమంది ఉంటారు కదా. "ఏ ఊరు? మీ ఇంటికి ఊళ్లో ఏమని గుర్తు?" అని అడుగుతారు. ఇంటిపేరు లేని కాలం నుంచీ అక్కడ ప్రతి ఇంటికీ ఒక గుర్తు పేరు ఉంది.