ఇప్పచెట్టు సాక్ష్యం చెల్లదా?

మూడేళ్ల కిందట మా గూడెంలో ఒక తాత పోడు దరఖాస్తు తిరిగొచ్చింది. తిరస్కరించడానికి కారణం ఒక్క వాక్యం. ఉపగ్రహ చిత్రంలో సాగు కనిపించలేదట. కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు, చదివి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "ఆ ఫొటో తీసినాయన ఎప్పుడొచ్చిండు మనవడా? నాకైతే కనబడలే."

అప్పుడు నవ్వాను. రాత్రి అన్నం తింటుంటే ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది, ఈసారి నవ్వు రాలేదు. తన భూమి మీద సాక్ష్యం చెప్పినవాడు ఆ భూమి మీద కాలు పెట్టాడా అని తాత అడుగుతున్నాడు. ఇదే ప్రశ్న కోర్టులో వకీలు అడిగితే క్రాస్ ఎగ్జామినేషన్ అంటారు. కోయ ముసలాయన అడిగితే అమాయకత్వం అంటారు.

పోడు, పులుల అడవులు, గనులు, ఆనకట్టలు, మన బడిలో పంతులు ఎవరుండాలన్న సంగతి. మన బతుకులో తగవు ఉన్న ప్రతి విషయం మీదా ఎవరో ఒక నిపుణుడు మాట్లాడుతూనే ఉంటాడు. టీవీలో కుర్చీ ఆయనది, అఫిడవిట్‌లో సంతకం ఆయనది. ఆ చర్చలో మనం కూడా ఉంటాం. ఒకచోట ఆక్రమణదారులుగా, ఒకచోట లబ్ధిదారులుగా, ఇంకోచోట శాంపిళ్లుగా. ఆ విషయం తెలిసినవాళ్లుగా మాత్రం మనల్ని ఎవరూ పిలవరు. దీని మీదే నా పేచీ.

ముందు ఆ ఫొటో సంగతి తేల్చుకుందాం. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి భూమి మన సాగులో ఉండాలి. కాబట్టి ఆ కాలపు ఉపగ్రహ చిత్రాలు తీసి చూస్తారు. ఉదాహరణకు ఆనాటి లాండ్‌శాట్ ఉపగ్రహం చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. 900 చదరపు మీటర్లు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరం పోడు ఆ బొమ్మలో నాలుగున్నర చుక్కలు. లెక్కల మాస్టార్లు ఈ లెక్కను రేపే ఆరో తరగతికి ఇవ్వొచ్చు. ఆ నాలుగున్నర చుక్కల్లో రెండు చుక్కల మీద చెట్టు నీడ పడితే తాత భూమి సగం మాయం.

చెట్టు నీడ ఎందుకు పడుతుంది? మన పోడులో చెట్లు ఉంటాయి కాబట్టి. ఇప్పచెట్టును ఎవరు నరుకుతారు? ఎండాకాలం పూట గడిపేది ఆ పువ్వే. తునికి ఉంచుతాం, చింత ఉంచుతాం. జొన్న, సామ, కంది వాటి మధ్యనే పండుతాయి. పైగా వాలు మీద ఒక ముక్క రెండుమూడేళ్లు దున్ని, నేల అలిసిందనిపిస్తే కొన్నేళ్లు వదిలేస్తాం. వదిలిన ముక్కలో తుప్పలు మొలుస్తాయి. పైనుంచి చూసే కంటికి అది అడవి. చెట్టును బతకనిచ్చి, నేలకు విశ్రాంతి ఇచ్చి సాగు చేసినందుకు మన భూమి పోయింది. అన్నీ నరికి బోడి చేసి ఉంటే ఫొటోలో చక్కగా కనిపించేవాళ్లం. అడవిని కాపాడడానికే ఈ ఫొటోలు అని చెప్పే పెద్దలు ఈ మాటకు జవాబు చెప్పాలి.

ఇక్కడ మన యువకులు గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఫొటో లేకపోతే హక్కు లేదని చట్టం ఎక్కడా అనలేదు. 2008 నాటి నిబంధనల్లో 13వ నిబంధన తీసి చూడండి. ఏవేవి సాక్ష్యాలో అందులో ఉంది. గుడిసెలు, గట్లు, చదును చేసిన నేల, బావులు, శ్మశానాలు, దేవుళ్ల చోట్లు, వంశవృక్షం. వీటితో పాటు దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాసిన కాగితం కూడా సాక్ష్యమే. 2012లో నిబంధనలను సవరించినప్పుడు ఇంకా స్పష్టం చేశారు: ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు గానీ వాటికి బదులుగా నిలవదు. ఒక్క ఫొటో చూసి దరఖాస్తులు కొట్టేయడం కుదరదని 2013లో గుజరాత్ హైకోర్టు కూడా చెప్పింది.

అంటే ముసలవ్వ మాటను, ఆకాశంలో తిరిగే యంత్రం మాటను చట్టం ఒకే బల్ల మీద పెట్టింది. ఆఫీసు మాత్రం అవ్వ మాటను బల్ల మీదనుంచి తీసేసింది. మా తాత ఫైలులో ఇద్దరు పెద్దల వాంగ్మూలాలు ఉన్నాయి. తిరస్కరణ కాగితంలో వాటి ప్రస్తావనే లేదు. నమ్మలేదని కూడా రాయలేదు. నమ్మలేదని రాయాలంటే ముందు చదవాలి కదా.

2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు మీకు గుర్తుండే ఉంటుంది. దరఖాస్తు తిరస్కరించిన వాళ్లను అడవి నుంచి ఖాళీ చేయించమంది. వన్యప్రాణి సంరక్షణ సంస్థలు వేసిన కేసు అది. ఆక్రమణలు ఎంత ఉన్నాయో ఉపగ్రహ సర్వే చేసి చెప్పమని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాను కూడా ఆదేశించింది. దెబ్బ తినేది పది లక్షలకు పైగా కుటుంబాలని పత్రికలు రాశాయి. దేశమంతా ఆదివాసీలు రోడ్డెక్కాక ఫిబ్రవరి 28న ఆ ఉత్తర్వును ఆపారు. ఆ పదిహేను రోజుల్లో మన గూడేల్లో ఎంతమంది కంటిమీద కునుకు లేకుండా గడిపారో ఏ నివేదికలోనూ ఉండదు. 2023లో తెలంగాణలో పోడు పట్టాలు పంచారు. అందుకున్న ఇళ్ల సంతోషం నేను చూశాను, కాదనను. అందని ఇళ్లలో మాత్రం ఆ ఫొటో ఇంకా వేలాడుతూనే ఉంది.

నేను చదువుకు, నిపుణులకు శత్రువునని ఎవరైనా అనుకుంటారేమో. సైన్సు చెప్పి బతికేవాణ్ని, అలా ఎలా అంటాను? సికిల్ సెల్ జబ్బు సంగతి చూడండి. మన ఏజెన్సీ పిల్లలు కీళ్ల నొప్పులతో ఏడుస్తుంటే పెద్దలు గాలి సోకిందన్నారు, దేవుడికి కోడిని కోశారు. ఆ జబ్బు రక్తంలో ఉందని, వాహకులైన ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతని చెప్పింది డాక్టర్లే. ఆ విషయంలో మన పెద్దలకు తెలియదు. చేతబడి పేరుతో మనుషుల్ని కొట్టి చంపిన గూడేలూ ఉన్నాయి, అక్కడ కూడా పెద్దలే కూర్చుని తీర్పు చెప్పారు. ముసలివాళ్లు చెప్పిందల్లా వేదం అనే బాపతు ఆదివాసీ వాదం నాకు సరిపడదు.

కానీ ఇదే సికిల్ సెల్ విషయంలో ఇంకో సంగతి. నేను హాస్టల్లో చదివేటప్పుడు ఎవరో బృందం వచ్చి మా వేళ్లకు సూది గుచ్చి రక్తం తీసుకుపోయింది. ఎవరి రిపోర్టు వాళ్లకు ఇస్తామన్నారు. ఇవ్వలేదు. ఆ రక్తంతో ఎవరికో పట్టా వచ్చే ఉంటుంది, మా తాతకు రాని పట్టా. నాకు వాహకుడినో కాదో తెలిసింది పెళ్లయ్యాక, సొంత ఖర్చుతో. నిపుణుడి విద్య మీద నాకు అనుమానం లేదు. తీసుకున్నదానికి లెక్క చెప్పకుండా వెళ్లిపోవడం మీదే నా కోపం.

ఇప్పుడు టీచర్లకు దగ్గరి సంగతి. జీవో నంబర్ 3. 2000 జనవరిలో ఉమ్మడి రాష్ట్రం ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ ఉద్యోగాలు స్థానిక ఆదివాసీలకే అంది. ఏజెన్సీ బడులకు టీచర్లు రాకపోవడం కూడా ఆ జీవోకు ఒక కారణం. నా ఉద్యోగం ఆ జీవో వల్లే వచ్చింది, దాచుకోవాల్సిన పని లేదు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటిదాకా వచ్చిన ఉద్యోగాలు ఉంటాయంది గానీ ఇకముందు యాభై శాతం దాటితే ఒప్పుకోమని షరతు పెట్టింది. రెండు రాష్ట్రాలకూ కలిపి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించింది.

నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి నిలుస్తుందా లేదా అన్నది న్యాయవాదులు వాదించుకునే విషయం. నా బాధ వేరే. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనడం హేయమైన ఆలోచన అని ఆ తీర్పులో ఉంది. మన భాష, మన ఆదిమ జీవన పద్ధతి మనల్ని ప్రధాన స్రవంతికి తగకుండా చేస్తున్నాయనీ ఉంది. ప్రతిభను పూర్తిగా పక్కన పెట్టకూడదని కూడా ఉంది.

ప్రతిభ అంటే ఏమిటో ఒక చిన్న సంగతి చెబుతాను. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు బయటికి పోవాలని మాస్టారుని అడిగాను. కోయలో అడిగాను, నాకు వచ్చింది అదే. ఆయనకు అర్థం కాలేదు, కూర్చోమన్నాడు. మళ్లీ అడిగాను. బెత్తం చూపించాడు. ఆ తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. పిల్లలందరూ నవ్వారు. నెలరోజులు బడికి పోలేదు. ఆ మాస్టారు చెడ్డవాడు కాదు. డిగ్రీ ఉంది, పరీక్షలో మంచి మార్కులే వచ్చి ఉంటాయి. ఆరేళ్ల పిల్లాడి మాట అర్థం చేసుకోవడం ఆ పరీక్షలో ఒక్క మార్కు కూడా చేయదు. నా తరగతిలో ఈ ఇరవై ఏళ్లలో ఏ పిల్లా బట్టలు తడుపుకోలేదు. దీన్ని ఏ పట్టికలో వేసి కొలుస్తారో ప్రతిభ గురించి మాట్లాడే పెద్దలు చెప్పాలి.

నిపుణుడంటే మనకు ఎప్పుడూ ఇలాగే ఎదురయ్యాడా అంటే, లేదు. హైమన్‌డార్ఫ్ ఉన్నాడు. ఆస్ట్రియా నుంచి వచ్చినవాడు. ఆదిలాబాద్ మార్లవాయిలో గోండుల మధ్య ఇల్లు కట్టుకుని, వాళ్లతో ఉండి, వాళ్ల భూముల సంగతి నిజాం సర్కారుకు రాశాడు. 1943లో అక్కడ బడి, టీచర్ల శిక్షణ మొదలయ్యాయి, గోండు యువకులే గోండిలో పాఠాలు చెప్పేలా తయారయ్యారు. ఎనభై ఏళ్ల కిందటే జీవో 3లోని ఆలోచన మార్లవాయిలో నడిచింది, ఎవరికీ హేయంగా అనిపించలేదు. ఆయన సమాధి, ఆయన భార్య సమాధి ఆ ఊళ్లోనే ఉన్నాయి. జనం ఇప్పటికీ తలుచుకుంటారు.

కానీ హైమన్‌డార్ఫ్‌ను తలుచుకునేటప్పుడు తేదీలు కూడా గుర్తుంచుకోండి. ఆయన వచ్చింది 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక. అంతకుముందు గోండులు ఎన్ని అర్జీలు పెట్టుకున్నా సర్కారుకు నిపుణుడు అవసరం అనిపించలేదు. తుపాకీ పేలాకే అనిపించింది.

మన కొండల వరసలోనే, ఒడిశా వైపు, నియమగిరి ఉంది. బాక్సైట్ తవ్వాలని వేదాంత కోసం ఎన్నో నివేదికలు తయారయ్యాయి. 2010లో సక్సేనా కమిటీ తవ్వకానికి వ్యతిరేకంగా నివేదిక ఇచ్చింది, అదీ నిపుణుల కమిటీయే. అందుకే నిపుణులంతా ఒకటే అనను. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సంగతి గ్రామసభలే తేల్చాలంది. ఎన్ని ఊళ్లలో సభలు పెట్టాలో ప్రభుత్వమే ఎంచింది, పన్నెండంటే పన్నెండు. జడ్జీల ముందు, పోలీసుల మధ్య డోంగ్రియా కోందులు, వాళ్లతో ఉండే మిగతా కులాలవాళ్లు లేచి తమ కొండ గురించి తెలిసింది చెప్పారు. ఏ ఊట ఎక్కడ పుడుతుందో, ఏ దేవుడు ఎక్కడుంటాడో చెప్పారు. పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. అక్కడ జనం మాటను అభిప్రాయంగా వినలేదు, సాక్ష్యంగా రాసుకున్నారు. తేడా అంతా అక్కడుంది.

రాసుకోవడం అన్నాను కాబట్టి, ఆ పని మన చేతుల్లో ఎంత ఉందో చూడండి. గూడేనికి ఒకరిద్దరు డిగ్రీ చదివిన పిల్లలున్నారు, టీచర్లం ఉన్నాం. మనలో చాలామందికి గ్రామసభ అంటే చిన్నచూపు. ఉద్యోగం రాగానే మండల కేంద్రంలో అద్దెకుండి, ముసలివాళ్ల మాట మీద మనమే నవ్వుతున్నాం. ఆఫీసరు అవ్వ మాట చదవలేదని పైన తిట్టాను. ఆ వాంగ్మూలం ఎలా రాసి ఉందో కూడా చెప్పాలి కదా. "చాలా కాలం నుంచి సాగు చేస్తున్నారు." అంతే. రాసింది మనవాడే. ఏ కాలం నుంచి, ఎక్కడ, ఎవరు అన్నది లేదు. దాన్ని పక్కన పెట్టడం వాళ్లకు తేలికైంది.

తాత దరఖాస్తుకు అరవై రోజుల గడువులోపు జిల్లా కమిటీకి అప్పీలు పెట్టాం. ఈసారి నేను, బీఎస్సీ చదివే ఒక అమ్మాయి రెండు ఆదివారాలు ఆ పోడులోనే కూర్చున్నాం. పక్క చేను అవ్వను అడిగాం. ఉత్తరం గట్టు మీది ఇప్పచెట్టు కింద తన పెళ్లినాటికే తాత తండ్రి సమాధి ఉందని ఆమె చెప్పింది. ఆమె పెద్దకొడుకు ఓటరు కార్డును బట్టి ఆ పెళ్లి ఏ సంవత్సరమో సుమారుగా లెక్క కట్టాం. గట్లు టేపుతో కొలిచాం. చెట్లు ఎన్నో, ఏవేవో, ఒక్కొక్కటి గట్టు నుంచి ఎన్ని అడుగుల దూరమో రాశాం. సమాధి రాళ్ల దగ్గర ఫోన్‌లో జీపీఎస్ పెట్టి ఫొటో తీశాం. మూడు తరాల పేర్లు రాశాం. అవ్వ చెప్పింది కోయలో ఎలా చెప్పిందో అలాగే తెలుగు లిపిలో రాసి, కింద తెలుగులో అర్థం రాశాం. చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాం. రెండు మాటలు తప్పు పట్టింది, దిద్దాం. ఫొటోలో సాగు ఎందుకు కనబడదో ఆ నాలుగున్నర చుక్కల లెక్కతో అమ్మాయి ఒక పేజీ రాసింది.

మూడు కాపీలు. ఒకటి ఆఫీసుకు, ఒకటి గ్రామసభ రిజిస్టర్‌లో, ఒకటి తాత ట్రంకు పెట్టెలో. ఆఫీసులో కాగితం తీసుకున్నవాళ్లు ముందు రసీదు ఇవ్వమన్నారు. ఇచ్చేదాకా ఆ అమ్మాయి కౌంటర్ దగ్గర నుంచి కదల్లేదు. మీరూ కదలకండి. తేదీ, ముద్ర, సంతకం మూడూ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.